ఆనుకోని పంచ

వెల్దుర్తిలో ఒక రైతు మిరపకాయల కోసం కట్టుకున్న రేకుల షెడ్డుకు ఈ వేసవిలో తూర్పు పక్కన పంచ దించారు. పాత షెడ్డు 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. కొత్త పంచ వెడల్పు 12 అడుగులు. దారిన పోయేవాళ్లకు నాలుగు పైపులు, కాసిని రేకులు తప్ప ఏమీ కనపడవు. నేను మాత్రం రెండు పూటలు అక్కడే నిలబడిపోయాను.

గడ్డి ఇళ్ల రోజుల్లో ఇలాంటిదాన్ని వారపాక అనేవాళ్లు. ఇప్పటి వెల్డింగు పనుల్లో చాలాచోట్ల జరిగేది ఒకటే: పాత స్తంభానికి కొత్త పైపు అతికించి బరువంతా దానికే అప్పగించేయడం. ఈ మేస్త్రీ అలా చేయలేదు. పాత స్తంభాలకు అరడుగు ఎడంగా, పంచకంటూ సొంతంగా ఒక స్తంభాల వరస నిలబెట్టాడు. దాంతో పైపుల ఖర్చు పెరిగింది. ఎందుకిలా అని అడిగాను.

"ఆ స్తంభాలు వాటి కప్పు మోయడానికి వేసినయి సార్. దీని బరువు ఇదే మోసుకోవాల."

ఆ మాట వెనక ఉన్న అసలు కారణం నేలలో ఉంది. అది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఏళ్ల తరబడి కుదురుకున్న పునాదీ, నిన్న పోసిన పునాదీ ఒక్కతీరుగా కదలవు. రెంటినీ వెల్డింగుతో కట్టేస్తే ఆ తేడా అంతా అతుకు మీద పడుతుంది. అందుకే గుంతల్ని రేగడి దాటి గరుసు తగిలేదాకా తవ్వించాడు. స్తంభం కాలు మట్టిలో పాతలేదు. నేలకు అరడుగు ఎత్తున్న కాంక్రీటు దిమ్మె మీద నాలుగు బోల్టులతో, బోల్టుకు రెండేసి నట్లతో నిలిపాడు. మూడు వైపులా తెరిచి ఉన్న పంచను గాలి కిందనుంచి ఎత్తుతుంది. మన పక్క విజయవాడలో కట్టడాల లెక్కకు ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలికి ఎగరకుండా పట్టి ఉంచడమే ఆ దిమ్మెల అసలు పని.

నన్ను కట్టిపడేసింది మాత్రం రెండు కప్పులు కలిసే చోటు. పాత చూరు గోడ దాటి అడుగున్నర ముందుకుంది. కొత్త రేకు దాని కిందికి అడుగు మేర దూరింది, దాన్ని తాకకుండా. మధ్యలో నాలుగు వేళ్ల సందు. రెంటచింతల ఎండలు ఏటా వార్తల్లో వినేవాళ్లకు ఆ సందు ఎందుకో చెప్పనక్కర్లేదు: 40 అడుగుల ఇనుము 40 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. ఎవరి సాగుడు వారిదే అయితే రాపిడి ఉండదు. మరి ఆ సందులోంచి ఈదురుగాలికి జల్లు రాదా? వస్తుంది. దానికీ మందు చూశాడు. ప్రతి రేకు ఎగువ అంచున, రెండు గట్ల మధ్య గాడిని పట్టకారుతో పైకి వంచాడు. గాలికి ఎదురెక్కిన నీళ్లు ఆ వంపు దగ్గర ఆగి వెనక్కి మళ్లుతాయి. దిగువ అంచున అదే గాడిని కిందికి వంచాడు, చుక్క రేకు అడుగుకు పాకకుండా రాలిపోవాలని. ఒక్కో గాడికి అరనిమిషం పని. కప్పు ఎక్కితే తప్ప ఎవరికీ కనపడదు.

వాటం విషయంలోనూ రాజీ పడలేదు. 12 అడుగులకు 18 అంగుళాలు దించాడు. ఈ రేకు మీద పడేది తన వాన ఒక్కటే కాదు, పాత కప్పు తూర్పు సగం వాన కూడా. రెండూ కలిపితే దాదాపు 100 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల వాన కురిస్తే 5 వేల లీటర్లు ఈ ఒక్క అంచునే దిగాలి.

ఇలా గట్లూ గాడులూ ఉన్న మడతల రేకుకు 1829లో పేటెంటు తీసుకున్నది లండన్ రేవుల ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్. ఇనుముకు జింకు పూత పెట్టే పద్ధతికి 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ పేటెంటు పొందాడు. జింకు ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. వెల్డింగు వేడికి అది కాలిపోతుంది కాబట్టి మేస్త్రీ ప్రతి అతుకునూ తీగబ్రష్షుతో గీకి, రంగు రెండు చేతులు వేయించాడు. స్క్రూలు గాడిలో కాకుండా గట్టు మీద కొట్టాడు, కింద రబ్బరు వాచరు నలిగిపోకుండా చూసుకుంటూ. సాయంత్రం దిగేముందు డ్రిల్లు రజను మొత్తం చీపురుతో ఊడ్పించాడు. ఆ రజను ఒక్క వానకు తుప్పు పట్టి రేకు నిండా మరకలు చేస్తుంది.

పంచకు తూర్పు దిక్కు ఎంచుకోవడం కూడా తెలివైన పనే. మధ్యాహ్నం దాటాక పాత షెడ్డు నీడే దానికి అండ. కోతల కాలంలో ఆడవాళ్లు గంటల కొద్దీ కూర్చుని తొడిమలు తీసేది, తాలుకాయలు ఏరేది అక్కడే.

మీరూ షెడ్డుకు పంచ దించుకోబోతుంటే, గజానికి ఎంతని అడిగే ముందు ఎగువ అంచు ఎలా ముగిస్తావని మేస్త్రీని అడగండి.