కర్ణుడు వచ్చి వెళ్ళిన అరగంట

'కల్కి 2898 ఏడీ' చివరి అరగంట బరువంతా ఒక కర్ర మోస్తుంది. అశ్వత్థామ పాత్రలో అమితాబ్ బచ్చన్ చేతిలో ఉండే పొడుగాటి కర్ర అది. వేల ఏళ్ళ ముసలివాడికి ఊతకర్ర ఉండడంలో వింతేముందనుకుని దాన్ని పట్టించుకోం. కొట్లాటల్లో అతను దాన్ని గిరగిరా తిప్పుతుంటే బలమంతా ఆ చేతిదేననుకుంటాం. తిరుగుబాటుదారుల రహస్య స్థావరం శంబల మీద నియంత యాస్కిన్ కమాండర్ మానస్ సేన విరుచుకుపడి, అశ్వత్థామకు ఇక చేసేదేమీ లేక, కల్కిని కడుపున మోస్తున్న సుమతి శత్రువు చేతికి చిక్కిన వేళ ఆ కర్ర కథానాయకుడు భైరవ చేతికి అందుతుంది. అతని పట్టులో అది విల్లుగా మారిపోతుంది. విజయమనే విల్లు, కర్ణుడిది.

చీకట్లో దాచినదాన్ని ప్రేక్షకుడు వెతుకుతూనే ఉంటాడు. దర్శకుడు నాగ్ అశ్విన్ ఆ విల్లును వెలుతురులో, కథ నడిమధ్యన పెట్టి దాచాడు. మూడు గంటల సినిమాలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచిన పనితనం ఇదే. గ్రాఫిక్స్ గురించి జనం చాలా మాట్లాడుకున్నారు, మాట్లాడదగ్గవే. కానీ ఈ కర్రకు పెద్ద ఖర్చేమీ లేదు, ఓపిక మాత్రం చాలా కావాలి.

వైజయంతీ మూవీస్ 50 ఏళ్ళ పండుగ వేళ, 2024 జూన్ 27న వచ్చిన సినిమా ఇది. ఒక్క సినిమాతో ముగిసే కథ కాదు. విడుదలకు ముందే, మే 31న, 'బుజ్జి అండ్ భైరవ' అనే చిన్న యానిమేషన్ సిరీస్ ప్రైమ్‌లో వచ్చింది. రెండో భాగం ఉందని అందరికీ తెలుసు. అందుకే దీని ముగింపును మామూలు క్లైమాక్స్‌గా చూస్తే సగమే అర్థమవుతుంది. పెద్ద ధారావాహికలో ఒక సీజను చివరి ఎపిసోడు ఏ పని చేయాలో ఈ అరగంట ఆ పని చేస్తుంది. ఇప్పటిదాకా నాటినవాటిలో కొన్నిటిని కోయాలి, కొన్నిటిని నేలలోనే ఉంచాలి, వచ్చే పంటకు విత్తనం మిగల్చాలి.

ఆకాశంలో వేలాడే నగరం చుట్టూ కథ అల్లిన తెలుగు సినిమా ఇంతకుముందు ఉన్నట్టు నాకు గుర్తు లేదు. కాశీ మీద తలకిందులైన పిరమిడ్‌లా నిలిచిన కాంప్లెక్స్‌లో నీళ్ళూ పచ్చదనమూ ఉంటాయి. కింద గంగ ఎండిపోయి ఉంటుంది. పైకి పోవాలంటే యూనిట్లనే డబ్బు కావాలి, ఆ యూనిట్ల కోసమే భైరవ బతుకుతుంటాడు. ప్రభాస్ చేసిన ఈ మనిషికి ధర్మం పట్టదు, శంబల పట్టదు, ఎవరి బిడ్డా పట్టదు. మొదటి సగంలో అతని వేళాకోళం కాస్త సాగిందనే నా అభిప్రాయం. అయినా చివరికొచ్చేసరికి ఆ సాగదీతకూ ఒక లెక్క కనిపిస్తుంది. మనకు భైరవ మీద గౌరవం పుట్టకూడదు. పుడితే ఆ విల్లు అతని చేతిలో వెలగడం న్యాయంగానే ఉంటుంది తప్ప ఆశ్చర్యంగా ఉండదు.

తెలంగాణలోని రేగొండ వైపు మనుషులకు ఈ ఘట్టం ఇంకొంచెం దగ్గరగా తగులుతుందని నేననుకుంటాను. రేగొండ దగ్గర, తిరుమలగిరి పక్కన పాండవుల గుట్టలున్నాయి. ఆ రాతి గుహల్లో ఆదిమ మానవులు ఎర్రరంగుతో వేసిన జంతువుల బొమ్మలున్నాయి, ఎంతో తర్వాతి కాలంలో ఎవరో వేసిన పాండవుల బొమ్మలూ ఉన్నాయి. 1990లో పరిశోధకుల దృష్టికి వచ్చిన చోటది. పాండవులు వనవాసంలో ఇక్కడ తలదాచుకున్నారని ఊళ్ళవాళ్ళు ఎప్పటినుంచో చెప్పుకుంటున్నదే. అక్కడ గొంతెమ్మ గుట్ట కూడా ఉంది. గొంతెమ్మంటే కుంతి. తల్లికి ఒక గుట్ట దక్కింది, ఐదుగురు కొడుకుల పేరు మొత్తం కొండల వరసకే దక్కింది. ఆమె నీట వదిలేసిన మొదటి కొడుకు లెక్కలోకి రాలేదు. లెక్కలోకి రాని ఆ కొడుకును భవిష్యత్తులోకి పంపడమే ఈ సినిమా ఎత్తుగడ.

భారతం తెలిసినవాళ్ళకు భారతం చెప్పడం కష్టమైన విద్య. ఈ నేల మీద చిందు కళాకారులు తరాలుగా చేస్తున్నది అదే. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు ఈ సినిమా వచ్చిన 2024లోనే పద్మశ్రీ ప్రకటించారు. యక్షగానంలో ఎవరు చస్తారో, ఎవరు గెలుస్తారో చూసేవాళ్ళకు ముందే తెలుసు. వాళ్ళు ఎదురుచూసేది వేషం ఎప్పుడు వస్తుంది, ఎలా వస్తుంది అన్నదాని కోసం. వేషం వస్తూనే దరువుతో తన పేరూ తన గొప్పా తానే చెప్పుకుంటుంది. నాగ్ అశ్విన్ ఆ ఎదురుచూపును అలాగే ఉంచి, చెప్పుకోవడాన్ని తీసేశాడు. భైరవ ఒంట్లోకి వచ్చిన కర్ణుడు తన పేరు చెప్పడు. అశ్వత్థామను ఆచార్యుడి కొడుకుగా సంబోధిస్తాడు, తాను రావడం ఆలస్యమైందా అని అడుగుతాడు. అంతే. 2898లో అశ్వత్థామను అలా పిలవగల మనిషి ఉండకూడదు. ద్రోణుణ్ణి ఎరిగినవాళ్ళంతా ఎప్పుడో పోయారు. ఆ పిలుపులో కురుక్షేత్రం మొత్తం లేచి నిలబడుతుంది. బుర్రా సాయిమాధవ్ మాటలు రాసిన ఈ సినిమాలో పెద్ద పెద్ద డైలాగులున్నాయి, వాటిలో ఏదీ ఈ చిన్న ప్రశ్నకు సాటి రాదు.

ఆ క్షణంలో అమితాబ్ ముఖాన్ని చూడాలి. అప్పటిదాకా ఆయన అశ్వత్థామను ఒక కాపలాదారుగా నడిపారు. శాపం మోస్తూ, విసుగు దాచుకుంటూ, కళ్ళలో ఏ ఆశా లేకుండా. పిలుపు వినగానే ఆ ముఖంలో వయసు పోదు గానీ ఒంటరితనం పోతుంది. తన కాలపు మనిషి ఒకడు కనబడ్డాడు. ఈ మార్పు కోసమే అంత యుద్ధం తీశారా అనిపిస్తుంది.

దీనికి బలం సినిమా మొదటి ఘట్టంలో ఉంది. ఉత్తర గర్భంలోని శిశువు మీద బ్రహ్మాస్త్రం వేసినవాడు అశ్వత్థామ. భారతం సౌప్తిక పర్వంలో కృష్ణుడు అతణ్ణి మూడు వేల ఏళ్ళు దిక్కులేక తిరగమని శపిస్తాడు. సినిమా ఆ శాపాన్ని పొడిగించి, దానికొక విడుదలను జత చేసింది. పుట్టని బిడ్డను చంపబోయినవాడే పుట్టబోయే బిడ్డకు కాపలా కాయాలి. ఇంత పొందికైన ప్రాయశ్చిత్తం మూలకథలో లేదు. మూలకథకు విరుద్ధంగానూ లేదు. ఏళ్ళ లెక్క కూడా ఆలోచించి వేసిందే. కలియుగం క్రీస్తు పూర్వం 3102లో మొదలైందన్నది సంప్రదాయపు లెక్క. దానికి 2898 కలిపితే సరిగ్గా ఆరు వేలు.

ఒక స్వేచ్ఛ మాత్రం గట్టిదే. భారతంలో కర్ణుడికీ అశ్వత్థామకూ పొసగలేదు. ద్రోణ పర్వంలో కర్ణుడు కృపాచార్యుణ్ణి నోటికొచ్చినట్టు అంటే అశ్వత్థామ కత్తి దూశాడు, దుర్యోధనుడు అడ్డుపడాల్సి వచ్చింది. సినిమాలో వాళ్ళిద్దరి మధ్య ఆ వైరం ఛాయ కూడా లేదు. కురుక్షేత్ర ఘట్టంలో తూకం కర్ణుడి వైపు మొగ్గిందని, అర్జునుణ్ణి తగ్గించారని విమర్శలూ వచ్చాయి. విమర్శ అర్థం లేనిదేం కాదు. అయినా ఓడిన పక్షంలో బతికి మిగిలినవాడు ఆరు వేల ఏళ్ళలో పాత జగడాన్ని మరిచిపోయి ఉంటాడని నమ్మడం నాకు కష్టం కాలేదు. కత్తి దూసిన సంగతి ఒక్క మాటలో గుర్తుచేసి ఉంటే ఆ కలయిక ఇంకా పదునెక్కేది.

కృష్ణుడి ముఖాన్ని చూపించకపోవడం ఇంకో మంచి నిర్ణయం. రూపం నీడలో ఉంటుంది, గొంతు వినిపిస్తుంది. 1957లో 'మాయాబజార్' వచ్చినప్పటినుంచి తెలుగువాళ్ళ కృష్ణుడికి ఎన్టీఆర్ ముఖం స్థిరపడిపోయింది. ఏ నటుణ్ణి పెట్టినా పోలికలోనే సగం సీను పోయేది. ముఖాన్ని ఖాళీగా వదిలితే చూసేవాళ్ళే ఎవరి కృష్ణుణ్ణి వాళ్ళు అక్కడ పెట్టుకుంటారు. చుట్టూ ఇంతమంది పేరున్న నటుల్ని నింపిన సినిమాలో ఒక ముఖాన్ని వదులుకోవడానికి ధైర్యం కావాలి.

యుద్ధం సంగతి కాస్త వేరు. మానస్ సేనతో పోరు నిడివి ఎక్కువ, కొన్నిచోట్ల ఎవరు ఎటు నుంచి వస్తున్నారో కంటికి అందదు. కూర్పరి కోటగిరి వెంకటేశ్వరరావు అనుభవం మాత్రం విల్లు చేతికొచ్చాక తెలుస్తుంది. అక్కడ కోతలు తగ్గుతాయి, షాట్లు నిలుస్తాయి, కర్ణుణ్ణి చూసుకునే తీరిక మనకు దొరుకుతుంది. ఆ తీరికలోనే మానస్ కథ ముగుస్తుంది.

అసలు సాహసం ఆ తర్వాతిది. కర్ణుడు నిలవడు. భైరవ మళ్ళీ భైరవే అయిపోతాడు, సుమతిని వెంటబెట్టుకుని వెళ్ళిపోతాడు. అతనెవరో అశ్వత్థామకు తెలిసింది, మనకు తెలిసింది, అతనికే తెలియదు. పుట్టుక తెలియకుండా జీవితంలో చాలా భాగం గడిపిన కర్ణుడికి ఇది రెండో జన్మలోనూ తప్పలేదు. హీరో చివర్లో మారిపోయి మంచివాడవుతాడని ఎదురుచూసే ప్రేక్షకుణ్ణి ఇలా సగం దారిలో నిలబెట్టడం మన పెద్ద సినిమాల్లో అరుదు.

అంతరిక్ష కేంద్రాల కథల్లో, నాయకుణ్ణి సగం దారిలో వదిలే ఈ పద్ధతికి పేరుపడ్డ ఉదాహరణ అమెరికన్ సిరీస్ 'బాబిలాన్ 5' మూడో సీజను ముగింపు. 1996 అక్టోబరులో ప్రసారమైన ఆ ఎపిసోడులో కేంద్రం అధిపతి షెరిడాన్ శత్రువుల గ్రహానికి వెళ్తాడు. చనిపోయిందనుకున్న భార్యే వచ్చి పిలిస్తే, వల అని తెలిసీ వెళ్తాడు. బాంబులు నింపిన తన ఓడను తన మీదికే రప్పించుకుని అగాధంలోకి దూకేస్తాడు. కథ అక్కడితో ఆగుతుంది. ఆ సీజను మొత్తం ఒక్కడే రాసిన జె. మైఖేల్ స్ట్రాజిన్‌స్కీ అయిదేళ్ళ కథను ముందే గీసుకున్నాడు కాబట్టే నాయకుణ్ణి గాలిలో వదిలేయగలిగాడు. అక్కడ నాయకుడి ప్రాణం వేలాడుతోంది. ఇక్కడ భైరవ ప్రాణానికేం ఢోకా లేదు, అతనికి తానెవరో తెలియడమే వేలాడుతోంది. నాకు రెండోదే లోతైనదనిపిస్తుంది. ప్రాణం గురించిన ప్రశ్నకు వచ్చే భాగం మొదటి సీనులోనే జవాబు దొరుకుతుంది, ఈ ప్రశ్నకు అంత తొందరగా దొరకదు.

సుమతి విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. దీపికా పదుకోణ్ ఆమెను మంటల్లోంచి నడిపించిన తీరు చూశాక, చివరి అరగంటలో ఆమె ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారడం బాధ కలిగిస్తుంది. కథంతా ఆమె కడుపు చుట్టూ తిరుగుతోంది, నిర్ణయాలన్నీ వేరేవాళ్ళవి. రెండో భాగంలో దీపిక ఉండరని 2025 సెప్టెంబరులో నిర్మాణ సంస్థ ప్రకటించింది. ఆ పాత్రను ఎవరు మోసినా ఆమెకొక మాట, ఒక నిర్ణయం దక్కాలి.

ఇక యాస్కిన్. రెండు వందల ఏళ్ళ వయసులో ఎండిన దేహంతో కాంప్లెక్స్‌ను ఏలుతున్న ఈ మనిషిని కమల్ హాసన్ సినిమా అంతటా దాదాపు గొంతుతోనే నడిపారు. టైటిల్స్ మధ్యలో, సుమతి నుంచి తీసిన సీరం ఒక్క చుక్క అతని ఒంట్లోకి వెళ్తుంది. ఎండిన ఒంట్లోకి బలం తిరిగొస్తుంది. అతని నోట వినిపించేది శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లోని జగన్నాథ రథచక్రాల కవిత. పతితులకూ బాధాసర్పదష్టులకూ ధైర్యం చెప్పడానికి ఒక కవి రాసిన మాటలు, ఆ జనాన్నే పిండి బతుకుతున్న నియంత గొంతులో. వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది. లోకాన్ని మార్చేస్తానని నమ్మే దుర్మార్గుడికి ఇంతకంటే సరైన భాష ఎక్కడా దొరకదు, ఎందుకంటే అతను తనను తాను దుర్మార్గుడనుకోవడం లేదు. ఆ మాటలతోనే గాండీవాన్ని ఎత్తుతాడు. కర్ణుడి విల్లు బిడ్డను కాచే పక్షాన ఉంది, అర్జునుడి విల్లు బిడ్డ కోసం వేటకు బయలుదేరిన వాడి చేతికి వెళ్ళింది. కురుక్షేత్రంలో ఏ విల్లు ఏ వైపు ఉండేదో తెలిసినవాళ్ళు రెండో భాగంలో ఎవరి పక్షాన నిలబడతారో ఇప్పుడే చెప్పలేరు.