చవక కాగితం మీద చెయ్యి తిరిగిన పని

1938 జూన్ తేదీతో అమెరికాలో వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక వెల పది సెంట్లు. అట్ట మీద నీలం దుస్తులు, ఎర్రటి కేప్ తొడుక్కున్న ఒక బలశాలి ఆకుపచ్చ కారును అమాంతం పైకెత్తి బండరాయికేసి కొడుతుంటాడు. ముందువైపు ఒకతను తల పట్టుకుని పరుగు తీస్తుంటాడు. సూపర్‌మ్యాన్ లోకానికి పరిచయమైంది ఆ బొమ్మతోనే. పదిలంగా మిగిలిన ప్రతి ఒకటి 2024లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. ఇలాంటి ధరలు వార్తలకెక్కుతాయి. పాత సూపర్‌హీరో కామిక్స్‌ను ఈనాడు మళ్ళీ తెరిచి చూడడానికి అంతకన్నా గట్టి కారణం ఉంది. నాసిరకం కాగితం, తక్కువ ఖర్చు, తరుముకొచ్చే గడువు: ఈ మూడింటి మధ్య నలుగుతూ చిత్రకారులు కనిపెట్టిన ఉపాయాలే ఆ బొమ్మలకు ప్రాణం పోశాయి.

మన పాఠకుల్లో ఎక్కువమందికి ఈ వీరులు తెర మీదే పరిచయం. ఎన్టీఆర్ కథానాయకుడిగా 1980లోనే ‘సూపర్‌మ్యాన్’ పేరుతో తెలుగు సినిమా వచ్చింది. ఆ తర్వాత హాలీవుడ్ స్పైడర్‌మ్యాన్ తెలుగులో మాట్లాడుతూ మన ఊళ్ళకూ వచ్చాడు. వీళ్ళందరూ మొదట పుట్టింది మాత్రం పెన్సిల్ గీతల్లోనే.

సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగల్, జో షుస్టర్ క్లీవ్‌లాండ్‌లో కలిసి చదువుకున్న కుర్రాళ్ళు. కథ సీగల్‌ది, బొమ్మ షుస్టర్‌ది. కేప్ అలంకారం కోసం పెట్టింది కాదు. కదలని బొమ్మలో కదలిక చూపించాలంటే గాలికి ఎగిరేది ఏదో ఒకటి కావాలి. గుడ్డ వెనక్కి రెపరెపలాడితే మనిషి ముందుకు దూసుకుపోతున్నట్టు కన్ను నమ్ముతుంది. ఆ తర్వాత వచ్చిన హీరోల్లో ఎందరికో కేప్ ఉండడం వెనక ఈ సూత్రమే ఉంది.

ఇక అచ్చు సంగతి. అప్పట్లో కామిక్స్‌ను ముతక న్యూస్‌ప్రింట్ మీద వేసేవారు. సిరాలు నాలుగే: పసుపు, ఎరుపు, నీలం, నలుపు. గీతలూ అక్షరాలూ నలుపులో పడేవి. మిగతా మూడు రంగుల్లో ప్రతిదాన్నీ పూర్తిగానో, సగమో, పావు వంతో వాడొచ్చు, లేదా అసలు వాడకుండా వదిలెయ్యొచ్చు. ఒక్కో రంగుకు నాలుగు స్థాయిలు కాబట్టి మొత్తం కలిపితే 64 ఛాయలు. చిత్రకారుడికి దక్కిన రంగుల పెట్టె అంతే. సగం, పావు అంటే సిరాను పలచన చేయడం కాదు, సన్నటి చుక్కలుగా అచ్చు వేయడం. హీరో చెంపను భూతద్దంతో చూస్తే పసుపు చుక్కలూ ఎర్ర చుక్కలూ విడివిడిగా కనిపిస్తాయి. కాగితాన్ని కాస్త దూరం జరిపితే అవే కలిసిపోయి ఒంటి రంగు అవుతాయి.

ఈ పని వెనక కనిపించని చేతులు చాలా ఉన్నాయి. రంగులు నిర్ణయించే కళాకారులు పేజీకి చిన్న నకలు తీసి, దాని మీద రంగులద్ది, ఏ భాగానికి ఏ సిరా ఎంత పడాలో పక్కన సంకేతాలు రాసేవారు. ఆ నకళ్ళు కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌కు వెళ్ళేవి. అక్కడ ఎక్కువగా మహిళలే, పారదర్శకమైన షీట్ల మీద ఒక్కో రంగు పడాల్సిన చోటును కుంచెతో నింపేవారు. అసలు వాడని స్థాయిని మినహాయిస్తే, మూడు రంగులకు మూడేసి స్థాయిల చొప్పున ఒక్క పేజీకి తొమ్మిది షీట్లు. వాళ్ళ పేర్లు ఏ సంచికలోనూ పడలేదు.

హద్దులు తెలిసిన కళాకారులు వాటినే ఆసరా చేసుకున్నారు. ముతక కాగితం మీద కూడా స్పష్టంగా నిలిచేవి నిండు రంగులు. అందుకే సూపర్‌మ్యాన్, కెప్టెన్ అమెరికా, స్పైడర్‌మ్యాన్ ముగ్గురి దుస్తుల్లోనూ ఎరుపు, నీలమే ప్రధానం. వాళ్ళకు ఎదురు నిలిచే గ్రీన్ గాబ్లిన్, డాక్టర్ డూమ్, లెక్స్ లూథర్ లాంటివాళ్ళకు ఆకుపచ్చ, ఊదా దక్కాయి. పేజీ తిప్పగానే ఎవరు ఎటువైపో మాట చదవకముందే తెలిసిపోతుంది. నల్లటి జుట్టు మెరుపు నీలంలో చూపించడం కూడా ఇలాంటి ఉపాయమే.

హల్క్ సంగతి ఇంకా ఆసక్తికరం. 1962 మే తేదీతో వచ్చిన మొదటి సంచికలో అతను బూడిద రంగు మనిషి. ఆ రంగు అచ్చులో నిలకడగా రాలేదు. ఒక పేజీలో లేతగా, ఇంకో పేజీలో దాదాపు నల్లగా పడింది. రెండో సంచిక నుంచి అతన్ని ఆకుపచ్చగా మార్చేశారు. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ రంగును నిర్ణయించింది అచ్చు యంత్రం!

గీత విషయానికి వస్తే, 1960ల మధ్య దాకా అసలు పేజీని అచ్చయ్యే కొలతకు దాదాపు రెట్టింపు సైజులో గీసేవారు. ముందు పెన్సిల్, తర్వాత మాటల బుడగల్లో అక్షరాలు, ఆ పైన కుంచెతోనో పెన్నుతోనో సిరా. పెన్సిల్ గీత అచ్చులోకి రాదు, సిరా గీతే వస్తుంది. కాబట్టి సిరా దిద్దే కళాకారుడిది నకలు పని కాదు. ఎక్కడ గీత లావెక్కాలి, ఎక్కడ సన్నబడాలి, నీడ ఎంత చిక్కగా పడాలి అన్నది అతని చేతిలో ఉంటుంది. జాక్ కర్బీ పెన్సిల్‌కు జో సినాట్ సిరా తోడయ్యాక ‘ఫెంటాస్టిక్ ఫోర్’ పేజీల్లో లోహం నిగనిగలాడింది, రాయి బరువెక్కింది.

కర్బీ న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో పేద యూదు కుటుంబంలో 1917లో పుట్టాడు. అతను గీసిన పిడికిలి పేజీలోంచి చదివేవాడి ముఖం మీదికే వస్తుంది. దగ్గరున్న చేతిని పెద్దగా, వెనకనున్న ఒంటిని చిన్నగా గీసి ఆ లోతు సాధించాడు. అంతరిక్ష శక్తిని చూపించడానికి ఒకదాని మీద ఒకటి పడే నల్లటి గుండ్రాల గుంపులు వేసి, వాటి మధ్య మిగిలిన ఖాళీలను రంగుకు వదిలాడు. కంటికి కనిపించేది నలుపు, మండేది ఖాళీ. అభిమానులు దీన్ని ‘కర్బీ క్రాకిల్’ అంటారు. 1966లో గెలాక్టస్ కథ గీస్తూ, రచయిత స్టాన్ లీ చెప్పని ఒక పాత్రను కర్బీ తనంతట తానే పేజీల్లోకి తెచ్చాడు. గ్రహాలను మింగేవాడికి ముందుగా వెళ్ళే దూత ఒకడు ఉండాలని అతని ఊహ. అలా పుట్టినవాడే సిల్వర్ సర్ఫర్.

స్టీవ్ డిట్కో దారి వేరు. కర్బీ బలాన్ని గీస్తే, డిట్కో బెంగను గీశాడు. 1966 ఫిబ్రవరి తేదీతో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 33వ సంచిక మొదటి ఐదు పేజీలు అందుకు సాక్ష్యం. పెద్ద యంత్రం కింద స్పైడర్‌మ్యాన్ ఇరుక్కుపోయాడు. పైకప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అతని మే పెద్దమ్మను బతికించే మందు కాస్త దూరంలో, చేతికి అందకుండా ఉంది. మొదట్లో బొమ్మల గళ్ళు ఇరుగ్గా ఉంటాయి. అతను ఒళ్ళు బిగించి లేచేకొద్దీ గడి పెద్దదవుతూ పోతుంది. ఐదో పేజీలో మొత్తం పేజీ ఒకే బొమ్మ: యంత్రం పైకి లేచింది, అతను కింద నుంచి బయటపడ్డాడు. బరువు దిగిపోవడాన్ని గడి కొలతతోనే పాఠకుడికి తెలియజెప్పాడు డిట్కో. సినిమాకు సంగీతమూ శబ్దమూ ఉన్నాయి. ఇక్కడున్నది గీత, ఖాళీ, పేజీ తిప్పే వేలు మాత్రమే.

ఇంత పని చేసినవాళ్ళకు దక్కింది తక్కువ. సీగల్, షుస్టర్ సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు వదులుకున్నారు. ఏటా పింఛను, కథలపై మళ్ళీ పేరు దక్కింది 1975లో. బ్యాట్‌మ్యాన్ రూపాన్నీ కథనూ తీర్చిన బిల్ ఫింగర్‌కు అధికారికంగా పేరు దక్కింది 2015లో, అతను చనిపోయిన నాలుగు దశాబ్దాల తర్వాత. కర్బీ తన సొంత పేజీల కోసం ఏళ్ళ తరబడి పోరాడితే 1987లో తిరిగొచ్చినవి రెండు వేలకు అటూ ఇటూ. అవి అతను గీసినవాటిలో చిన్న భాగమే.

ఇప్పుడు ఈ కథలు తళతళలాడే కాగితం మీద, కంప్యూటర్ రంగులతో మళ్ళీ అచ్చవుతున్నాయి. న్యూస్‌ప్రింట్ పీల్చుకుంటుందన్న లెక్కతో ఎంచిన రంగులు నున్నటి కాగితం మీద కళ్ళకు గుచ్చుకుంటాయి. కొత్తగా కలిపిన వెలుగునీడలు అసలు గీతను కప్పేస్తాయి. పాత ప్రతులను ఉన్నదున్నట్టు స్కాన్ చేసినవీ, 2010 నుంచి ఐడీడబ్ల్యూ సంస్థ అసలు పేజీల సైజులో వేస్తున్న ‘ఆర్టిస్ట్స్ ఎడిషన్’ పుస్తకాలూ ఈ విషయంలో మేలు. వాటిలో తెల్ల రంగుతో దిద్దిన చోట్లు, చెరపగా మిగిలిన పెన్సిల్ జాడలు కూడా చూడొచ్చు. స్పైడర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1962 నాటి ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికకు డిట్కో గీసిన 24 అసలు పేజీలను పేరు చెప్పుకోని ఒక దాత 2008లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశారు. అమ్ముకుంటే పెద్ద మొత్తం వచ్చేది. ఆ దాత వాటిని ప్రజల సొత్తు చేశారు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళు ఆ గ్రంథాలయానికి ముందుగా రాసి, వీలు కుదిరితే వాటిని చూసి రావాలి. ఇక్కడున్నవాళ్ళు చేతికందిన పాత కామిక్ తెరిచినప్పుడు కథతో పాటు మొదటి పేజీలో పెన్సిల్, సిరా, అక్షరాలు ఎవరివో కూడా చదవాలి.