జీర్ణగుడారోద్ధరణము

అనంతగిరి దాటి అరకులోయకును, పాడేరు మీదుగా వంజంగి కొండకును మంచుమేఘముల సొగసు చూడ వచ్చెడి యాత్రికుల కొక రాత్రి ఇల్లైన నైలాను గుడారము, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న ఆ లోయ తేమకు తడిసి, ఆరకయే మడిచి దాచబడినచో, లోపలి పాలీయురెథేను పూత క్రమముగా విచ్ఛిన్నమై, జిగటయై, పొరలుగా రాలును. దానిని పారవేయక బ్రదికించు విద్య మిక్కిలి శ్లాఘనీయము.

ఆ విద్య నెరిగినవాడు గుడ్డను గోరువెచ్చని నీటితో తుడిచి, నీడను ఆరవేసి, చెడిన పూతను ఓపికతో తొలగించి, క్రొత్తపూతను పలుచగా పూయును. సూదిరంధ్రములు మూసికొనునట్లు కుట్ల వెంబడి సీలెంటు రాచును. సిలికాను గుడ్డకు సిలికానే పట్టునని మరువడు. అతుకు మూలలను గుండ్రముగా కత్తిరించును, ఏలయన మొనదేరిన మూల ముందుగా లేచును. పండ్లు కలియని జిప్పునకు దోషము తరచుగా అరిగి వెడల్పైన స్లైడరుదే యగుటచే, పట్టకారుతో దాని అంచులను ఇసుమంత నొక్కి, మరల నడిపించును. విరిగిన అల్యూమినియము కమ్మీకి గొట్టపుముక్క తొడిగి నిలబెట్టును.

నైలాను మట్టిలో సులభముగా కలియదు గనుక, ఇట్టి ప్రతి అతుకును గిరిజనుల కాఫీతోటలకును, కొండవాగులకును చేసిన ఉపకారమే. ఆ చేతులకు మన కృతజ్ఞత చెల్లవలయును.