మట్టం చూసే గొట్టం

వేంపల్లెలో మా మిద్దె కట్టేటప్పుడు మేస్త్రి ప్లాస్టిక్ గొట్టం నిండా నీళ్లు పోసి, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొసతో ఎదుటి గోడ దగ్గరికి పోయినాడు. "గాలి బుడగ లేకుండా చూడు సార్, ఉంటే మట్టం తప్పుతాది" అన్నాడు. నీళ్లు నిలిచిన చోట పెన్సిల్‌తో గీత గీశాడు. గడపకూ కిటికీకీ కప్పుకూ కొలత ఆ గీత నుంచే.

నా లెక్కలో లేనిది ఆ గొట్టమే. గెలాక్సీలు ఎలా గుమిగూడాయో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతతో లెక్కగట్టడం నేను కొన్నేళ్లుగా రాత్రిళ్లు చేస్తున్న పని. విశ్వానికి 3,80,000 ఏళ్ల వయసున్నప్పటి వెలుగులో హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు. 1992లో కోబ్ ఉపగ్రహం వాటిని పట్టుకుంది. నీరు పల్లమెరుగు, పదార్థమూ కాస్త చిక్కగా ఉన్న చోటికే చేరింది. మన చేలో పల్లం ఒండ్రు చేరేకొద్దీ పూడుతుంది, అక్కడ చేరేకొద్దీ లోతవుతుంది. పైగా అక్కడ నేలే, అంటే అంతరిక్షమే, సాగిపోతుంటుంది. వేంపల్లె సున్నపురాయి సముద్రంలో పేరుకుని దాదాపు 190 కోట్ల ఏళ్లు. అప్పటి నుంచి గెలాక్సీ గుంపుల మధ్య దూరాలు సుమారు ఏడో వంతు పెరిగాయి.

మరి పల్లమని దేన్నిబట్టి అంటాం? ఏ గడియారాలతో కాలాన్ని కొలుస్తామో వాటిని బట్టే సాపేక్షతలో మట్టం తేలుతుంది. గడియారాలు మారిస్తే సాంద్రతలో లేని గుబ్బ లేచి కూర్చుంటుంది. 1946లో భౌతిక శాస్త్రవేత్త లిఫ్‌షిట్జ్ ఈ లెక్కకు దారి వేశాడు. మట్టం మార్చినా మారని రాశులను 1980లో జేమ్స్ బార్డీన్ ఏరి చూపాడు. ఆయన విలువ నాకు తెలిసింది దెబ్బ తిన్నాకే. ఒక గుబ్బ ఎందుకు కరిగిపోతోందో అని మూడు వారాలు కారణం వెతికాను. ఆ గుబ్బ విశ్వానిది కాదు, నా గడియారాలది. గొట్టంలో గాలి బుడగ.

గెలాక్సీల పుట్టుకను లెక్కగట్టే పెద్ద ప్రోగ్రాములు చాలావరకు న్యూటన్‌తోనే నడుస్తాయి. అక్కడ గురుత్వం బలహీనం కాబట్టి సరిపోతుంది కూడా. 2016లో జూలియన్ ఆడమెక్ బృందం మాత్రం సాపేక్షతతోనే కణాలను నడిపింది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డి.ఆర్.కె. రెడ్డి దిక్కుకో వేగంతో వ్యాకోచించే బియాంకీ విశ్వాల మీద పనిచేశారు. అన్ని వైపులా ఒకే తీరు అనే ఊహను కూడా పరీక్షకు పెట్టే ఆ పట్టుదల నాకు చాలా ఇష్టం.

సున్నం వెలిసిన చోట మేస్త్రి గీత ఇప్పటికీ కనిపిస్తుంది. ఈ వారం ఒకే గుబ్బను రెండు రకాల గడియారాలతో మళ్లీ లెక్కగట్టాను. సాంద్రతలు కలవలేదు. బార్డీన్ రాశి ఆరో దశాంశం దాకా కలిసింది.