మంట ఆర్పాక మొదలయ్యే వంట

హ్యూస్టన్‌ నైరుతి దిక్కున బెలైర్ బొలెవార్డ్ పొడవునా వియత్నామీ బోర్డులు బారులు తీరి కనిపిస్తాయి. మార్చి వచ్చిందంటే, శనివారం సాయంత్రాల్లో అక్కడి క్రాఫిష్ హోటళ్లలో కూర్చోవడానికి చోటు దొరకడమే గొప్ప. బల్ల మీద కంచం ఉండదు, చెంచా ఉండదు. కాగితం పరిచి, మెడలో ప్లాస్టిక్ గుడ్డ కట్టుకోమంటారు. కాసేపటికి పొగలు కక్కుతూ ఎర్రటి క్రాఫిష్ కుప్ప వస్తుంది. ఆ కుప్పలోనే మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు, సాసేజ్ ముక్కలు. రెండు చేతులా తినాలి, మోచేతుల దాకా కారాలి. చూసినవాళ్లు ఇదేం మోటు తిండి అనుకుంటారు. ఆ మోటుతనం బల్ల వరకే. వంటింట్లో జరిగేది నిమిషాల లెక్క మీద నడిచే నాజూకు పని. ఆ పనితనం గురించే ఈ వ్యాసం.

క్రాఫిష్ మంచినీటి జీవి. రొయ్యకు చుట్టం, కానీ ముందువైపు పీతకున్నట్టు రెండు గట్టి గోళ్లుంటాయి. అమెరికాలో పండే క్రాఫిష్‌లో సింహభాగం లూసియానాదే, అందులోనూ ఎక్కువ పండేది వరిమళ్లలో. వేసవిలో వరి పండుతుంది. కోత అయ్యాక అక్టోబరు ప్రాంతంలో అదే మడికి మళ్లీ నీళ్లు పెడతారు. అప్పటిదాకా గట్ల బొరియల్లో దాక్కున్న తల్లులు పిల్లలతో సహా బయటికొస్తాయి. నీళ్లలో కుళ్లే వరిదుబ్బుల మీద బతికే చిన్న చిన్న జీవాలే వాటికి మేత. ఇనప తీగ బోనుల్లో ఎర పెట్టి పట్టుకుంటారు. 2023లో వచ్చిన తీవ్రమైన కరవుకు బొరియలు ఎండి తల్లులు చచ్చిపోయాయి. 2024 సీజన్ మొదట్లో ధరలు ఆకాశాన్నంటడానికి అదే కారణం. గోదావరి డెల్టాలో వరిచేను పక్కనే చేపల చెరువు చూస్తూ పెరిగినవాళ్లకు ఈ సేద్యం ఇట్టే అర్థమవుతుంది.

ఇక వంట. బస్తా విప్పి బురద పోయేదాకా మంచినీళ్లతో కడుగుతారు. ఉప్పునీళ్లలో నానబెడితే కడుపులో మలినం కక్కేస్తాయని చాలామంది నమ్మకం. శుభ్రమైన నీళ్లతో కడిగితే చాలు, ఉప్పు వల్ల ఒరిగేదేమీ లేదు. పెద్ద గుండిగలో నీళ్లు కాగుతుంటే ఎర్ర మిరప కారం, ఆవాలు, ధనియాలు, బే ఆకులు, ఉల్లిపాయలు, సగానికి కోసిన వెల్లుల్లి పాయలు, నిమ్మకాయలు పడతాయి. దుంపలు ఉడకడానికి పొద్దు పడుతుంది కనుక అవి ముందు. తర్వాత బతికున్న క్రాఫిష్. అవి పడగానే మరుగు ఆగుతుంది. మళ్లీ తెర్లడం మొదలైనప్పటి నుంచి మూడు నాలుగు నిమిషాలు, అంతే. మంట ఆర్పేస్తారు.

చేయి తిరిగినవాడెవడో, కానివాడెవడో తెలిసేది ఇక్కడే. ఆర్పిన గుండిగలో క్రాఫిష్‌ను ఇరవై నిమిషాలో అరగంటో ఊరనివ్వాలి. రుచి పట్టేది ఉడుకులో కన్నా ఊరడంలోనే ఎక్కువ. చేపల పులుసు దించగానే ఒక రుచి, మర్నాడు ఒక రుచి అని మనకు తెలిసిందే కదా, ఇదీ ఆ కోవలోదే. కాకపోతే ఇక్కడ ఒక చిక్కుంది. నీళ్లు మరీ వేడిగా ఉంటే ఊరుతున్నంతసేపూ మాంసం ఉడుకుతూనే ఉంటుంది. అతిగా ఉడికితే కండ డొప్పకు అతుక్కుపోతుంది, ఎంత లాగినా తెగి వస్తుందే తప్ప ఊడి రాదు. అందుకే మంట ఆర్పగానే గడ్డకట్టిన మొక్కజొన్న పొత్తులు పడేస్తారు, కొందరు ఐసు వేస్తారు. నీళ్లు చల్లబడతాయి, ఉడుకు ఆగుతుంది, ఊరడం సాగుతుంది. మొదట పైకి తేలిన క్రాఫిష్ రసం పీల్చుకుంటూ ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. వంటవాడు గడియారం చూడకుండా గుండిగ పైభాగం వైపే చూస్తుంటాడు. అన్నీ మునిగాక ఒకటి తీసి రుచి చూస్తాడు. ఈ నిదానం ఏ పుస్తకం చదివినా పట్టుబడదు.

ఇంతవరకూ లూసియానా పద్ధతి. దీనికి హ్యూస్టన్ చేర్చింది వెన్న, వెల్లుల్లి సాసు. 1975లో సైగాన్ పతనమయ్యాక వేలాది వియత్నామీలు శరణార్థులుగా గల్ఫ్ తీరానికి వచ్చారు. ఆ వాతావరణం, రొయ్యల పడవలు వాళ్లకు కొత్త కాదు. క్రాఫిష్ తినడం అక్కడివాళ్ల దగ్గర నేర్చుకుని, తమ నాలుకకు తగ్గట్టు మార్చుకున్నారు. ఈ వంటను సంచుల్లో వడ్డించే బాయిలింగ్ క్రాబ్ 2004లో కాలిఫోర్నియాలోని గార్డెన్ గ్రోవ్‌లో మొదలైంది. బెలైర్ రోడ్డు మీది క్రాఫిష్ అండ్ నూడిల్స్ 2008 నాటిది. దాని వంటమాస్టరు ట్రాంగ్ న్యుయెన్ 2020లో వంటవాళ్లకిచ్చే జేమ్స్ బియర్డ్ పురస్కారాల తుది జాబితాలో నిలిచారు.

ఆ వెన్న పని దగ్గరగా చూడదగ్గది. సన్నని సెగ మీద వెన్న కరుగుతుండగా గుప్పెళ్లకొద్దీ తరిగిన వెల్లుల్లి వేస్తారు. పచ్చివాసన పోవాలి, రంగు మారకూడదు. మంట పెంచితే వెన్న విరిగి నూనె తేలుతుంది. ఆ నూనె డొప్ప మీద నిలవదు, జారి అడుగున చేరుతుంది. సరిగ్గా కుదిరిన సాసు చిక్కగా డొప్పకు పట్టుకుని ఉంటుంది. అందులో కారం, నిమ్మరసం, ఒక్కోచోట నిమ్మగడ్డి. అప్పుడే దించిన క్రాఫిష్‌ను పెద్ద బేసిన్లో వేసి ఈ సాసుతో ఎగరేసి కలుపుతారు. గట్టి డొప్పలోంచి సాసు లోపలికి పోదు, పోనక్కర్లేదు కూడా. తినేవాడి వేళ్లే దాన్ని కండకు చేరుస్తాయి. కంచం, చెంచా పెట్టకపోవడంలో ఉన్న తెలివి అదే.

తినే తీరు చెబుతాను. తలను, తోకను చెరో చేత్తో పట్టి మెలితిప్పి లాగాలి. తల లోపల బంగారు రంగు కొవ్వు ఉంటుంది. పీత సొన ఇష్టపడేవాళ్లు దీన్ని వదలరు. లూసియానా ఉప్పూకారం ఊరిన చోటు కూడా అదే. తోక మొదటి కట్టు ఒలిచి, చివర నొక్కితే కండ మొత్తం ఒక్కసారిగా జారి రావాలి. వచ్చిందా, వంటవాడు సరైన సమయంలో మంట ఆర్పాడన్నమాట. ఆ కండను ఉప్పు, మిరియాలు, నిమ్మరసం కలిపిన చిన్న గిన్నెలో ముంచి తినాలి. వెన్న బరువును ఆ పులుపు తేలిక చేస్తుంది. మన నాలుకకు అది ఎంతో అవసరం. ఆరేడు పౌండ్ల క్రాఫిష్ ఒలిస్తే పౌండు కండ వస్తుంది కాబట్టి మనిషికి మూడు పౌండ్లు ఎక్కువేం కాదు.

ముందే ఉడికించి పెట్టుకుని, ఆర్డరు రాగానే వేడి సాసు పోసి ఇచ్చే హోటళ్లూ ఉన్నాయి. కండ పిండిలా ఉంటే సంగతి అదే. తోక చుట్టుకోకుండా తిన్నగా ఉంటే చచ్చినదాన్ని వండారని చాలామంది పక్కన పడేస్తారు. అది నమ్మదగ్గ గుర్తు కాదు. గుండిగ కిక్కిరిసినా తోక చాచుకునే ఉంటుంది. కండ గట్టిగా ఉంటే నిశ్చింతగా తినొచ్చు.

హ్యూస్టన్‌లో ఉన్నవాళ్లూ, అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లూ మార్చి, మే నెలల మధ్య వెళ్లండి. బతికున్నవి వండుతున్నారా అని ముందే అడగండి, ఆ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు. కారం మీడియం చెప్పండి. మనకున్న అలవాటుకు అంతకన్నా ఎక్కువ తట్టుకోగలం గానీ, ఆపైన వెల్లుల్లి రుచి తెలియదు. మొక్కజొన్న పొత్తును మాత్రం చివరికి ఉంచుకోండి, గుండిగలో అన్నిటికన్నా ఎక్కువ కారం పీల్చుకునేది అదే.