మార్జిన్‌లో రాసిన ఇంటిపేరు

అరుదైన ఇంటిపేరు వినగానే దాని వెనక ఓ పాత కోటా, పెద్ద వంశవృక్షమూ ఉంటాయనిపిస్తుంది. ఫ్రెంచి ఇంటిపేర్ల వెంట పడే అలవాటు అంటుకున్నాక నాకు ఆ భ్రమ తగ్గింది. చాలాసార్లు అది ఊరి పాదిరీ చేతిరాతలో పుట్టిన అరుదుతనమే. ఆయన విన్నది విన్నట్టు రాసుకుంటే ఓ అక్షరం అటూ ఇటూ అయి, అన్నదమ్ముల పిల్లలు రెండు ఇంటిపేర్లవాళ్లయిపోతారు.

నేను ముందు చూసేది ఫ్రాన్స్ గణాంక సంస్థ ఇన్సే లెక్కలు. 1891 నుంచి 1990 దాకా పుట్టినవాళ్లు ఇంటిపేరు వారీగా, జిల్లా వారీగా, పాతికేళ్లకో వరుసన అందులో ఉంటారు. మార్టిన్ లాంటి పేరు దేశమంతా పరుచుకుంటుంది, దాంతో ఏమీ తేలదు. అరుదైన పేరైతే ఒకటి రెండు జిల్లాల్లో గుంపుగా దొరుకుతుంది. ఇక అక్కడి రిజిస్టర్లు తిరగేయడమే. 1667 నుంచి రెండు ప్రతులు రాయమన్నారు కాబట్టి ఒకటి పోయినా రెండోది ఉంటుందని ధీమా. పారిస్‌లో మాత్రం 1871 మేలో, కమ్యూన్ తిరుగుబాటు మంటల్లో రెండూ కాలిపోయాయి. పారిస్ పూర్వీకుల జాడ అడిగేవాళ్లకు ముందే దండం పెట్టేస్తాను.

నాకు ఇష్టమైన కేసు జిస్కార్ దెస్తాన్. అవేరాన్ జిల్లాలో లాట్ నది ఒడ్డున ఎస్తాన్ అనే ఊరుంది. ఆ ఊరి ప్రభువులు దెస్తాన్‌లు. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్తేం కాదు. ఆ వంశపు అడ్మిరల్ ఒకాయన మన వైపూ వచ్చాడు. ఫ్రెంచి సేనాని లాలీ దళంలో ఉండి, 1758 డిసెంబరులో మద్రాసు దగ్గర ఆంగ్లేయులకు చిక్కాడు. 1794 ఏప్రిల్‌లో గిలటిన్‌కు బలయ్యాడు. పేరు ఆయనతోనే ఆగింది. అదే ఏడాది ఆగస్టులో, పుట్టుక పత్రంలో ఉన్న పేరు తప్ప ఇంకోటి వాడకూడదని విప్లవ ప్రభుత్వం చట్టం చేసింది. 1803లో కాస్త సడలించి, కారణం చూపి మార్పు అడగొచ్చన్నారు.

1922లో ఎడ్మన్ జిస్కార్ అనే ఆర్థిక శాఖ అధికారి ఆ దారినే వెళ్లాడు. ఆడపిల్ల వరసన తమకు దెస్తాన్‌లతో చుట్టరికం ఉందని చూపి డిక్రీ తెచ్చుకున్నాడు. ఇలాంటి మార్పుల్ని ఫ్రాన్స్‌లో పుట్టుక రిజిస్టరు మార్జిన్‌లో రాస్తారు. కులచిహ్నాల కంటే ఆ మార్జిన్ రాతలే నాకు ఆసక్తి. 1926లో కొడుకు వాలెరీ పుట్టేనాటికి ఆ జంటపేరు వయసు నాలుగేళ్లు. 1974లో దేశాధ్యక్షుడై దానికి అంత ప్రచారం తెచ్చిన ఆయన పుట్టింది జర్మనీలోని కోబ్లెంజ్‌లో. ఫ్రాన్స్ జిల్లాల పటంలో ఆయనకు చోటే లేదు! 2005లో బంధువులతో కలిసి ఎస్తాన్ కోట కొన్నారు. పేరు ముందొచ్చింది, కోట తర్వాత.

దీన్ని ఎగతాళి చేసినవాళ్లున్నారు. గొప్ప కోసం పడ్డ తాపత్రయం లేదని నేనూ అనను. కానీ ఇంటిపేరు అంతరించడమంటే వంశం అంతరించడం కాదు. సగటున ఒక్కో మగవాడికి ఒక కొడుకును మించకపోతే ఏ ఇంటిపేరైనా ఎప్పటికో అప్పటికి మాయమవుతుందని ఫ్రెంచి గణితజ్ఞుడు బియెనెమే 1845లోనే లెక్క తేల్చాడు. మనుషులు మాత్రం కూతుళ్ల ఇళ్లలో వేరే పేర్లతో ఉంటూనే ఉంటారు.

ఎడ్మన్‌కు డిక్రీ కావాల్సొచ్చింది. 2022 జులై 1 నుంచి అక్కడ పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఎవరైనా, జీవితంలో ఒక్కసారి, ఏ కారణమూ చెప్పకుండా మునిసిపల్ ఆఫీసులో ఫారం నింపి తల్లి ఇంటిపేరు తీసుకోవచ్చు. ఇకమీదట ఏ పేరు మిగులుతుందో చెప్పాలంటే బియెనెమేలా కొడుకుల్ని మాత్రమే లెక్కేస్తే కుదరదు.