గురులఘువులతో ఇంగ్లిషు

పద్యపాదం ఇస్తే మా చేగుంట తొమ్మిదో తరగతి పిల్లలు చకచకా గురులఘువులు పెట్టేస్తారు. అదే పిల్లలకు ‘ఎగ్జామినేషన్’ అని ఇంగ్లిషులో రాసిస్తే అయిదు అక్షరాలనూ ఒకే బరువుతో చదువుతారు. సాయంత్రాలు వాళ్లకు ఇంగ్లిషు చెప్పే నేను ఆ తెలుగు పీరియడ్ విద్యనే అరువు తెచ్చుకుంటాను.

పొడుగాటి నామవాచకాన్ని అక్షరాలుగా విడగొట్టి, చివరిదాన్ని వదిలేసి, దాని ముందుదాన్ని చూడమంటాను. అది గురువైతే చాలావరకు ఊనిక అక్కడే: అజెండాలో ‘జెం’, అరోమాలో ‘రో’, ఎగ్జామినేషన్‌లో ‘నే’. లఘువైతే ఇంకో అడుగు వెనక్కి: సినిమాలో ‘సి’, అమెరికాలో ‘మె’, యూనివర్సిటీలో ‘వర్’. ఇది నా కల్పన కాదు. లాటిన్ నుంచి ఇంగ్లిషుకు అబ్బిన పద్ధతి. 1968లో చామ్‌స్కీ, హాలే తమ ‘ది సౌండ్ పాటర్న్ ఆఫ్ ఇంగ్లిష్’లో దీన్ని సూత్రంగా రాశారు. ఛందస్సు వచ్చిన పిల్లలకు అందులో సగం ముందే తెలుసు!

చిక్కల్లా మన రాతతోనే. స్టూడియో బోర్డు మీద ‘ఫోటోగ్రాఫర్’ అని ఉంటుంది. రాతను నమ్మితే ‘గ్రా’ గురువు, అక్కడే నొక్కాలి. ఇంగ్లిషువాళ్ల నోట అది సన్నబడి ‘గ్ర’ అవుతుంది, నొక్కు ‘టా’ మీద పడుతుంది: ఫటాగ్రఫర్. అదే ‘ఫోటోగ్రాఫ్’ అంటే ‘ఫో’ను నొక్కాలి, ‘ఫోటోగ్రాఫిక్’ అంటే ‘గ్రా’ను. కాబట్టి గురువును కంటితో కాదు, చెవితో పట్టాలి. నొక్కడం పిల్లలకు తొందరగానే వస్తుంది. మిగతా అక్షరాలను తగ్గించి పలకడమే కష్టం, తెలుగులో మనం ఏ అక్షరాన్నీ అంతగా తేల్చేయం కదా.

ఇది సోకు కోసం నేర్పేది కాదు. 1969లో హైదరాబాదులోని కేంద్ర ఆంగ్ల సంస్థ, అంటే ఇప్పటి ఇఫ్లూ, ఆర్.కె. బన్సల్ అధ్యయనాన్ని అచ్చువేసింది. మనవాళ్ల ఇంగ్లిషు పైదేశాలవాళ్లకు అర్థం కాకపోవడానికి ఊనిక తప్పడం ఒక పెద్ద కారణమని అందులో తేలింది. సర్కారు బడుల్లోనూ ఇంగ్లిషు మీడియం వచ్చాక ఈ పాఠాన్ని పక్కన పెట్టడం పిల్లలకు అన్యాయం.

మొన్న ఒక అమ్మాయి, “మరి ఇంజినీర్‌ల ‘నీర్’ను ఎందుకు ఒత్తుతరు సార్? చివరిది వదిలెయ్యాలంటిరి గదా!” అని నిలదీసింది. ‘ఈర్’ అనే తోక ఊనికను తన మీదికే లాక్కుంటుందని చెప్పాను. వాలంటీర్, కెరీర్ అని ఆ పిల్లే మరో రెండు వెతికి పట్టింది.